ఎవరు కడిగారో రాయలేదు

మూడు పుస్తకాలు తెరిచి పెట్టాను బల్ల మీద.
ఒకే నల్ల రబ్బరు వలయానికి
మూడు అంకెలు.
ఒకదానికి ఇంకొకటి వెయ్యి రెట్లు.

పీణ్యా రెండో స్టేజిలో, రేకుల షెడ్డు కింద
మా ఛాంబరు మూడు రోజులుగా మొండికేసింది.
పంపు తోడుతూనే ఉంది రాత్రీ పగలూ,
గేజి మాత్రం మైనస్ ఆరో మెట్టు మీద
గుమ్మంలో పడుకున్న కుక్కలా లేవదు.
కన్నం లేదు. హీలియం పట్టి అతుకు అతుకూ వెతికాం.
అంటే, లోపలున్నదేదో
ఊపిరి వదులుతోంది.

తీగ మీది తొడుగా? రెండు చుక్కల జిగురా?
వలయమా, ఉక్కు గోడేనా?
ఏది ఎంత కక్కుతుందో తెలిస్తే
కూడిక వేసి దొంగని పట్టేయొచ్చు.
కూడికకి అంకె కావాలి కదా.

జిగురు కంపెనీవాళ్లు కాగితం మీద
"అతి తక్కువ" అని అచ్చేశారు.
ఫోన్ చేశాను. "చాలా తక్కువ మేడం" అన్నాడు.
ధర్మవరంలో మా వీధి కొట్టు గుర్తొచ్చింది,
"రంగు పోదమ్మా, నాది పూచీ" అనే గొంతు.

పుస్తకాల చివర చిన్న అచ్చు పట్టుకుని
వెనక్కి నడుచుకుంటూ పోతే
మూడు దార్లూ ఒకే పాత పట్టిక దగ్గర ఆగాయి.
ఒకాయన ఉన్నదున్నట్టు ఎత్తి రాశాడు.
ఒకాయన కొలమానం మార్చబోయి తడబడ్డాడు.
ఒకాయన దగ్గర
పైనున్న ఆరు తిరగబడి తొమ్మిదైంది.
ఆ అసలు పట్టికలోనైనా
గంటకి కొలిచారా, పది గంటలకా,
కాల్చారా, పచ్చిదేనా,
దేంతో కడిగారు, ఎవరు కడిగారు,
ఒక్క మాట లేదు.
ఊరూ పేరూ చెప్పని సాక్షి.

చెన్నవీరప్ప వచ్చి నా వెనక నిలబడ్డాడు.
ముప్ఫై ఏళ్లుగా పంపులు విప్పి బిగించిన మనిషి,
పావగడ వాడు, మాట కన్నడంలో ఎత్తుకుని
తెలుగులో దించుతాడు.
"పుస్తకం మన రబ్బర్ని చూసిందా అమ్మా?
దాన్నే అడుగుదాం పద."

చిన్న పాత్ర ఒకటి తీశాం. ముందు ఖాళీగానే.
గాలి తోడి, వాల్వు మూసి,
ఒత్తిడి ఎంత తొందరగా పెరుగుతుందో
నిమిషం నిమిషానికీ రాసుకున్నాం.
అది పాత్ర సొంత గొడవ, లెక్కలోంచి తీసెయ్యాలి.
తర్వాత వలయం వేసి, మళ్లీ మొదట్నుంచీ.

మొదటి రాత్రి రెండున్నరకి కరెంటు పోయింది.
రెండో రాత్రి వాన. మూత తెరిచిన రెండు నిమిషాల్లో
జూన్ తేమంతా లోపలికొచ్చి
పద్దెనిమిది దగ్గర గోపురం కట్టుకుంది.
మూడో రాత్రి తెర మీద
నలభై మూడు, యాభై ఏడు...
నూనె.
పంపుది కాదు, అది పొడి పంపు.

చెన్నవీరప్ప తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు,
బట్టతల తడుముకున్నాడు,
ఏమీ అనలేదు.
ఎలా అంటాడు, గ్లవ్స్ తొడగకముందే
జడ సర్దుకున్న వేలితో
వలయం అంచు సవరించింది నేను.
చెప్పడానికి
ఒక కాఫీ పూర్తిగా చల్లారేంత సేపు పట్టింది.

ఆయన నవ్వాడు. "అది కూడా రాయి."

ఐదో రాత్రి అంకె వచ్చింది.
మూడు పుస్తకాల్లో ఏదీ కాదు.
దాని పక్కనే, ఎంత తప్పు ఉండొచ్చో రాశాను,
గీత కొట్టి ఇంకాస్త పెంచి రాశాను.
కింద:
తోడింది పది గంటలు. కాల్చలేదు.
బయట వాన లేదు.
ఆల్కహాలుతో కడిగింది చెన్నవీరప్ప, రెండుసార్లు.
వట్టి చేత్తో ముట్టుకున్నది నేను,
మూడో రాత్రి, ఆ కొలత కొట్టేశాం.

కూడిక వేసి చూస్తే
దొంగ వలయం కాదు.
షట్టరు కింద నుంచి తెల్లారుతోంది,
మొదటి షిఫ్టు బస్సు మలుపులో హారన్ కొట్టింది.
చెన్నవీరప్ప అప్పుడే
అల్యూమినియం రేకు ముక్క మీద
జిగురు రెండు చుక్కలు వేసి
తూకం వేస్తున్నాడు.